వేడి మాటల లెక్క, వదిలేసిన వాక్యాలు

పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ మతవిద్వేషం ఎక్కడ దాగివుందో కనిపెట్టే పని ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. చెయ్యవలసిన పనే. అయితే ఈ పనికి పూనుకున్నవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉన్న కొలబద్ద ఒకటే: వేడి మాటల పట్టిక. ఫలానా తిట్టు ఎన్నిసార్లు వచ్చింది, ఫలానా మతం పేరు పక్కన ఏ విశేషణం ఉంది, ఏ వార్తలో రెచ్చగొట్టే పదం పడింది. వీటిని ఏరి, లెక్కగట్టి, నివేదిక వేస్తారు. మాట దొరికితే నేరం, దొరక్కపోతే శుభ్రం. సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఈ పద్ధతి మీద మొదటి చూపులోనే అనుమానం కలగాలి. రచన స్వభావం విశేషణాల్లో కన్నా, కర్త ఎవరు, దెబ్బ తిన్నది ఎవరు, కథ ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపేశారు అన్న విషయాల్లో ఎక్కువ బయటపడుతుందని మనకు తెలుసు. నవల మీదా కథ మీదా ఈ తెలివిని ధారాళంగా వాడతాం. ఎనిమిదో తరగతి పాఠం మీద ఎందుకు వాడం?

జహీరాబాదులో కూర్చుని ఈ ప్రశ్న వెయ్యడానికి కారణం ఉంది. మాది సరిహద్దు ఊరు. బస్టాండు దగ్గర పొద్దున పూట తెలుగు, ఉర్దూ, కన్నడ పత్రికలు ఒకే బల్ల మీద పరుస్తారు. కొందరు ఉపాధ్యాయులం, డిగ్రీ చదివే కొందరు పిల్లలు కలిసి, పాత సాంఘికశాస్త్ర పుస్తకాలూ పత్రికల కత్తిరింపులూ ముందేసుకుని ఆదివారాలు చదవడం మొదలుపెట్టాం. మొదట మేమూ వేడి మాటలే వెతికాం. పెద్దగా దొరకలేదు. కుర్రవాళ్ళు నిరాశపడ్డారు. "ఏం లేదు సార్ ఇండ్ల, మంచిగనే ఉన్నది" అన్నాడొక విద్యార్థి. ఆ 'మంచిగనే ఉన్నది' దగ్గరే అసలు సంగతి ఉందని గ్రహించడానికి మాకు చాలా ఆదివారాలు పట్టింది.

పత్రికతో మొదలుపెడదాం. మతఘర్షణల వార్తలో మతం పేరు రాయకూడదన్నది మన పత్రికల్లో చాలా కాలంగా ఉన్న ఆనవాయితీ. ఉద్దేశం మంచిది. ఇక్కడి వార్త చదివి పొరుగూళ్ళో ప్రతీకారం పుట్టకూడదు. ఆచరణలో అది ఇలా ఉంటుంది: ఒక వర్గానికి చెందిన యువకులు మరో వర్గం ఊరేగింపుపై రాళ్ళు రువ్వారు; అనంతరం జరిగిన ఘర్షణలో పలు దుకాణాలు దగ్ధమయ్యాయి; పాతబస్తీలో ఉద్రిక్తత నెలకొంది. వేడి మాట ఒక్కటీ లేదు. పట్టిక పట్టుకుని వెతికేవాడు ఈ వార్తకు నూటికి నూరు మార్కులు వేస్తాడు.

కాని చదివేవాడికి ఎవరేమిటో ఎట్లా తెలిసిపోతోంది? 'పాతబస్తీ' అన్న మాట చెబుతుంది. భూగోళానికి సంబంధించిన మాట అది, 1591లో కట్టిన నగరంలో పాత భాగం. అది ఎప్పుడో అనుమానానికి సంబంధించిన మాటగా మారిపోయింది. 'సున్నిత ప్రాంతం' కూడా అంతే. సున్నితం అన్న మాట పూలకూ పసిపిల్లలకూ వాడేది, పోలీసు పికెట్ ఉన్న వీధికి వాడేదయింది. ఇంకా ముఖ్యమైంది క్రియ. మొదటి వాక్యంలో రువ్వినవాళ్ళు ఉన్నారు. రెండో వాక్యంలో తగలబెట్టినవాళ్ళు లేరు, దుకాణాలు వాటంతటవే దగ్ధమయ్యాయి. తెలుగుకు కర్మణి ప్రయోగం సహజం కాదని వ్యాకరణాల్లో చదువుకుంటాం. నిజమే. కాని కర్తను దాచడానికి తెలుగుకు కర్మణి అవసరం లేదు. 'అయ్యాయి' చాలు, 'చోటుచేసుకుంది' చాలు, 'నెలకొంది' చాలు. ఎవరి చేతికి సకర్మక క్రియ ఇస్తున్నారు, ఎవరి చేతిని అకర్మక క్రియ వెనక దాస్తున్నారు అని వరసగా పది వార్తలు చదివి చూడండి. ఒక్కొక్క వార్త నిర్దోషిగానే కనిపిస్తుంది. పది వార్తలూ కలిసి ఒక మనిషిని తయారుచేస్తాయి. ఎప్పుడూ రాయి పట్టుకునే ఉండే మనిషి. విలేకరి ఇదంతా బుద్ధిపూర్వకంగా చేస్తున్నాడని నేననను. అతనికి అలవాటయిన వాక్యం అది. భావజాలం పనిచేసేది అలవాటయిన వాక్యంలోనే.

చల్లని మాట ఎంత పని చెయ్యగలదో తెలుసుకోవాలంటే రువాండా చూడాలి. 1994లో అక్కడ టుట్సీల మీద జరిగిన మారణకాండలో ఆర్.టి.ఎల్.ఎమ్. అనే రేడియో పాత్రను అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ విచారించి 2003 డిసెంబరులో తీర్పు చెప్పింది. టుట్సీలను 'బొద్దింకలు' అన్న సంగతి అందరూ చెప్పుకుంటారు. అది వేడి మాట, పట్టికకు దొరుకుతుంది. కాని ఆ రోజుల్లో చంపడానికి వాడుకైన మాట 'పని'. పనికి వెళ్ళండి, పని పూర్తి చెయ్యండి అనడమే. అంతకన్నా చల్లని మాట ఏ భాషలో ఉంది? రైతుకూ కూలికీ రోజూ నోట్లో ఉండే మాట. దాన్ని పట్టుకోవాలంటే మాటల లెక్క చాలదు, ఎవరు ఎవరితో ఎప్పుడు అంటున్నారో వినాలి.

ఇక మన పాఠానికి వద్దాం. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన ఘట్టం తెలంగాణ పిల్లలందరూ చదివేదే. దానికి పేరు పెట్టడంలోనే తగువు మొదలవుతుంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. దీన్ని 'పోలీసు చర్య' అన్నారు. యుద్ధట్యాంకులు నడిచిన పోలీసు చర్య! ఆ 17వ తేదీ కొందరికి విమోచనం, కొందరికి విలీనం, కొందరికి విద్రోహం. 2022లో ఒకే నగరంలో ఒకే రోజును కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగానూ రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగానూ జరిపాయి. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినం చేసింది. ఇన్ని పేర్లలో వేడి మాట ఏదీ లేదని గమనించండి. కాని 'విమోచన' అన్నామంటే ఎవరి నుంచి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ ప్రశ్నకు పాఠం 'దేశముఖుల నుంచి, జాగీర్దార్ల నుంచి, నిజాం నిరంకుశత్వం నుంచి' అని జవాబు చెప్పకపోతే, పిల్లవాడు తరగతి గది బయట దొరికే జవాబు తెచ్చుకుంటాడు. పక్క బెంచీ మీద కూర్చున్నవాడి పేరే ఆ జవాబు అవుతుంది.

రజాకార్ల దౌర్జన్యం కల్పితం కాదు. లాతూరు వకీలు కాసిం రజ్వీ ఉపన్యాసాలు రెచ్చగొట్టడానికి అచ్చమైన ఉదాహరణలు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగింది ఊచకోతే. వీటిని పాఠంలోంచి తీసెయ్యాలనేవాడితో నాకు ఏకీభావం లేదు. 'మతసామరస్యం' కోసం నిజాన్ని మింగెయ్యమనడం కూడా ఒక రకం అబద్ధమే. నేనడిగేది మిగతా వాక్యాల సంగతి. ఆ నెలలోనే, ఆగస్టు 21 రాత్రి, హైదరాబాదులో 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు నరికి చంపారు. సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు. విసునూరు దేశముఖును ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ పేరు తెలంగాణ రైతాంగ పోరాటపు మొదటి పుటల్లో ఉంది. ఆ పోరాటానికి నాయకుడూ కవీ అయిన మఖ్దూం మొహియుద్దీన్ 1908లో పుట్టిన అందోలు మా పాత మెదకు జిల్లాలోదే. రజాకార్లకు గడీల్లో బస ఇచ్చిన దేశముఖులు, సైన్యం రాగానే టోపీ మార్చి మళ్ళీ అవే భూముల మీదకు వచ్చారు. సైన్యం మాత్రం 1951లో పోరాట విరమణ దాకా రైతుల మీదే పనిచేసింది. ఈ వాక్యాలు పాఠంలో ఉంటే 'రజాకారు' అన్నది ఒక రాజకీయ, వర్గ స్వభావం ఉన్న మాటగా ఉంటుంది. ఇవి పోతే అదే మాట మతానికి పర్యాయపదమవుతుంది. మాట మారలేదు, చుట్టూ ఉన్న వాక్యాలు పోయాయి.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ సెప్టెంబరు 17 తర్వాతది. పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్ల బృందం 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగింది. 500 మందికి పైగా జనాన్ని విచారించింది. సైనిక చర్య సమయంలోనూ తర్వాతా ఎంత తగ్గించి చెప్పినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ళ అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఘోరం ఎక్కువ. ఆ నాలుగింటిలోనే కనీసం 18 వేలు. ఔరంగాబాదు, బీడు, నల్లగొండ, మెదకు జిల్లాల్లో కనీసం 5 వేలు. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. ఒమర్ ఖాలిదీ 1988లో కూర్చిన పుస్తకం ద్వారా కొంత బయటపడింది. 2013 నాటికి గాని ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చూడడానికి వీలుకాలేదు. అరవై అయిదేళ్ళ మౌనం!

ఈ అంకెల్లో మాకు ఒక స్థానిక తిరకాసు ఉంది. 1956 నవంబరు దాకా జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో నిర్ణా ఫిర్కా తప్ప మిగతా తాలూకానూ, న్యాల్‌కల్ ఫిర్కానూ, నారాయణఖేడు తాలూకానూ ఇటు కలిపారు. కాబట్టి మా ఊరి విద్యార్థి ఇవాళ ఆ నివేదికలో 'మెదకు' అని వెతికితే రెండో వరస జిల్లాల్లో తేలికపడతాడు. అతను చూడవలసింది 'బీదరు' అన్న మాట. సరిహద్దు గీత జరిగితే జ్ఞాపకం కూడా పొరుగు రాష్ట్రానికి బదిలీ అయిపోయింది. ఇటువంటి ఖాళీని ఏ వేడి మాటల పట్టిక పట్టిస్తుంది?

అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ముస్లిం సాలెవాళ్ళను హిందూ సాలెవాళ్ళు కాపాడారని, ఆ ప్రయత్నంలో కొందరు తమ ప్రాణాలే పోగొట్టుకున్నారని రాశారు. ఒకే మగ్గం పని చేసేవాళ్ళు మతం దాటి నిలబడ్డారు. శ్రమ బంధం గురించి మనం వందల వ్యాసాలు రాశాం, ఇంతకన్నా బలమైన దాఖలా ఎక్కడ దొరుకుతుంది? అయినా నివేదికను వాడుకునేవాళ్ళలో చాలామంది అంకెను తీసుకుని సాలెవాళ్ళను వదిలేస్తారు. వాళ్ళూ వేడి మాటల వేటగాళ్ళే, మరో వైపు నుంచి.

ఇక్కడ మన సంగతి మనం మాట్లాడుకోకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. తెలంగాణ పోరాటం మీద అభ్యుదయ సాహిత్యం చాలా గొప్ప పని చేసింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నుంచి దాశరథి రంగాచార్య నవలల దాకా దొరల గడీలను, వెట్టిచాకిరీని కళ్ళకు కట్టించాయి. కాని 1948 శరదృతువులో ముస్లిం వాడల్లో ఏం జరిగిందన్నది మన తెలుగు కథకు చాలాకాలం విషయం కాలేదు. నెల్లూరి కేశవస్వామి 'యుగాంతం' వంటి కథలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సైన్యం రైతుల మీద చేసినదాన్ని ఎలుగెత్తి చెప్పిన మనం, ఆ సైన్యం నీడలో అల్లరిమూకలు చేసినదాన్ని చెప్పకపోవడానికి కారణమేమిటి? చెబితే నిజాం పక్షం వహించినట్టవుతుందన్న భయం కావచ్చు. ముస్లిం రైతును రైతుగానే చూశాం, ముస్లింగా అతని మీద పడిన దెబ్బకు మన పరిభాషలో చోటు లేకపోవడం కావచ్చు. రెండోదే నిజమని నా అభిప్రాయం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చి, చరిత్ర తనను ఏ అనుమానంతో చదువుతోందో ప్రశ్నించినప్పుడు, తర్వాత స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా', 'వతన్' సంకలనాలు వచ్చినప్పుడు మనలో కొందరు అస్తిత్వవాదమంటూ నొసలు చిట్లించారు. ఆ ఖాళీ మనదేనని ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. ఖాళీ ఎప్పటికీ ఖాళీగా ఉండదు. 2024 మార్చిలో 'రజాకార్' సినిమా వచ్చింది. ఎవరూ చెప్పని మారణకాండ అన్నది దాని ప్రచారం. మౌనం ఉందనడం నిజమే. సగం మౌనాన్ని మాత్రమే విప్పి, మిగతా సగం మీద ఇంకో తాళం వెయ్యడం ఆ వ్యాపారంలోని కిటుకు. ఆ సినిమా మీద విడిగా రాయాలి, ఇక్కడ ఇంతకన్నా వద్దు.

సరే, నిఘా ఎవరి చేతిలో ఉండాలి? ప్రభుత్వం చేతిలో అంటే ఏమవుతుందో చూశాం. 1977లో సంతకం లేని ఒక పత్రం ప్రధాని మొరార్జీ దేశాయికి చేరింది. రొమిలా థాపర్, బిపన్ చంద్ర వంటివాళ్ళ చరిత్ర పుస్తకాలు పనికిరావని ఫిర్యాదు. వాటిలో విద్వేషం ఉందని కాదు, మధ్యయుగపు ముస్లిం పాలకులను తగినంత తిట్టలేదని! 1978లో ఆర్.ఎస్. శర్మ 'ప్రాచీన భారతం' పాఠ్యపట్టికలోంచి పోయింది. 2001లో మళ్ళీ కొన్ని పేరాలు తీసేశారు. 2023లో బడి చేతికొచ్చిన పన్నెండో తరగతి పుస్తకాల్లో గుజరాత్ 2002 పాఠభాగం లేదు, గాంధీ హత్య దగ్గర కొన్ని వాక్యాలు లేవు. దానికి పెట్టిన పేరు హేతుబద్ధీకరణ. హేతువాదులు పేటెంటు తీసుకోవలసింది ఆ మాటకు! తీసేసిన చోట వేడి మాట ఎలా దొరుకుతుంది? 2005లో కేంద్ర విద్యా సలహామండలి ఉపసంఘం ప్రైవేటు బడుల పుస్తకాల మీద కూడా చూపు ఉండాలని, అందుకు స్వతంత్రమైన జాతీయ పాఠ్యపుస్తక మండలి కావాలని సిఫార్సు చేసింది. ఆ మండలి రాలేదు.

పత్రికల వైపు ప్రెస్ కౌన్సిల్ ఉంది. 1978 చట్టం ప్రకారం అది హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు, అంతే. టెలివిజన్ దాని పరిధిలోనే లేదు. 2020 వసంతంలో ఢిల్లీ తబ్లీగీ సమావేశాన్ని అడ్డం పెట్టుకుని కరోనాను ఒక మతానికి అంటగట్టిన కార్యక్రమాల మీద బెంగుళూరు పౌరబృందం ఒకటి ఫిర్యాదు చేసింది. చానెళ్ళ వాళ్ళే ఏర్పరచుకున్న ప్రమాణాల సంస్థ 2021 జూన్‌లో తీర్పు చెప్పింది: ఒక కన్నడ చానెలుకు లక్ష రూపాయలు, మరొకదానికి 50 వేలు జరిమానా. ఏడాది దాటాక. ఈలోపల సంతల్లో ముస్లిం చిరువ్యాపారుల దగ్గర కూరగాయలు కొనడం మానేసినవాళ్ళు ఆ తీర్పు చదివారా? అయినా ఆ పౌరబృందం పనిని తక్కువ చెయ్యను. ప్రసారాలను తేదీలవారీగా రాసిపెట్టుకున్నారు కాబట్టే ఆ మాత్రం తీర్పయినా వచ్చింది.

ఎదుటివాడి పుస్తకంలో మాత్రమే వెతికేవాళ్ళు ఇంకో రకం. ఇజ్రాయెల్, పాలస్తీనా తగువులో ఇది ఒక పరిశ్రమే అయింది. 2013లో ఇరుపక్షాల పండితులూ కలిసి 74 ఇజ్రాయెల్ పుస్తకాలూ 94 పాలస్తీనా పుస్తకాలూ ఒకే పద్ధతిలో చదివారు. ఎదుటివాణ్ణి పశువుగా చిత్రించే రాతలు రెండువైపులా బహు తక్కువని తేలింది. ఎదుటివాడి జీవితం గురించీ మతం గురించీ సమాచారమే సరిగా లేదు. చాలా పటాల్లో అవతలివాళ్ళ పేరే లేదు. ఇజ్రాయెల్ ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఈ లోపం కొంత తక్కువ, వాళ్ళ ఛాందస మత బడుల్లోనూ పాలస్తీనా పుస్తకాల్లోనూ ఎక్కువ. తిట్టు కాదు, లేకపోవడం. మేము జహీరాబాదులో ఆదివారాలు కూర్చుని తడుముకున్నది కూడా ఇదే.

అందరి చేతిలోనూ ఉండవలసిన పని కాబట్టి మాకు దగ్గరలోని మాచ్‌నూరు సంగతి కూడా చెప్పాలి. అక్కడ 2008 అక్టోబరు 15 నుంచి దళిత స్త్రీలు సంఘం రేడియో నడుపుతున్నారు. జొన్న, కొర్ర, విత్తనం, పాట, వైద్యం వాళ్ళ విషయాలు. సొంత యాసలో, సొంత గొంతుతో. 2006 విధానం సముదాయ రేడియోలకు వార్తలను నిషేధించింది. రాత్రి తొమ్మిదింటికి ఒక మతాన్ని బోనులో నిలబెట్టే చానెలుకు లైసెన్సు ఉంది. తన ఊరి సంతలో ఏం జరిగిందో చెప్పడానికి పొలం పని చేసే ఆడమనిషికి లేదు. రెచ్చగొట్టడం ఎక్కడినుంచి వస్తుందని మన పాలకులు భయపడ్డారో ఈ ఒక్క నిబంధన చెబుతుంది.

మా ఆదివారపు చదువు ఇప్పుడు గైడ్ల దగ్గరికి వచ్చింది. పరీక్ష ముందు పిల్లవాడు విప్పేది ప్రభుత్వ పుస్తకం కాదు, గైడే. పాఠంలో అరపేజీ ఉన్నది గైడులో ఒక వాక్యమవుతుంది, ఖాళీ పూరింపులో ఒక్క మాటవుతుంది. కుదించే చోటే షోయబుల్లాఖాన్ ఎగిరిపోతాడు. 2021 మార్చిలో ఒక ప్రైవేటు ప్రచురణకర్త ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్ర పుస్తకంలో, ఉగ్రవాది అంటూ వేసిన బొమ్మ చేతిలో ఖురాను పెట్టారు. నిరసన వచ్చాక క్షమాపణ చెప్పారు. ఆ బొమ్మ కనిపించింది కాబట్టి గొడవయింది. బొమ్మ లేని గైడ్లు సంచుల్లో ప్రశాంతంగా తిరుగుతున్నాయి. వాటిలో ఆరు రకాలు తెచ్చాం. హైదరాబాదు విలీనం పాఠానికి ఒక్కొక్కదానిలో ఉన్న ప్రశ్నలు వరసగా రాసి, ప్రతి ప్రశ్నకూ కర్త ఎవరో పక్కన రాస్తున్నారు పిల్లలు. మూడు పూర్తయ్యాయి.